చీటీలో మెంబర్ అంటే మనిషా, టికెట్టా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే తలనొప్పి గురించి, ఒకే మాటకి ఒక్కొక్కరు ఒక్కో అర్థం పట్టుకోవడం, అందుకే కలిపి జవాబిస్తున్నా. ఐటీలో లేనివాళ్లు కూడా చదవచ్చు, చీటీలు కట్టినవాళ్లకైతే ఇంకా బాగా అర్థమవుతుంది.

ప్రశ్న: నేను ఒక చిట్ ఫండ్ కంపెనీ ప్రాజెక్టులో బిజినెస్ అనలిస్టుని. పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది కడుతున్నాం. అందరూ ఒకే మాట వాడాలని మా మేనేజర్ గారు గ్లాసరీ (పదాలూ వాటి అర్థాల పట్టిక) చేయమంటే మూడు నెలలు కూర్చుని 400 పదాలు ఎక్సెల్‌లో పెట్టాను, ఒక్కరూ తెరిచి చూడట్లేదు. మొన్న టెస్టింగ్‌లో ఒక గ్రూపులో మెంబర్లు 40 అని బ్రాంచి వాళ్లంటే మా రిపోర్టు 37 చూపించింది. అందరూ నా వైపే చూశారు. నేనెక్కడ తప్పు చేశానండీ? - ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ఆ 40, 37 రెండూ కరెక్టేనమ్మా, అదే అసలు సమస్య. ఒకాయన మూడు టికెట్లు వేసుంటాడు, ఇంకొకావిడ రెండు వేసుంటుంది, మిగతావాళ్లు తలా ఒకటి. టికెట్లు లెక్కపెడితే 40, మనుషుల్ని లెక్కపెడితే 37. బ్రాంచిలో మెంబర్ అంటే టికెట్, మీ డెవలపర్‌కి మెంబర్ అంటే ఆధార్ నంబరున్న మనిషి. మీ ఎక్సెల్‌లో 'మెంబర్: చీటీలో సభ్యులు' అని రాసుంటారు, పందెం. అది చదివి ఇద్దరూ తల ఊపి ఎవరి అర్థం వాళ్లు పట్టుకుని వెళ్లిపోయారు.

1982 చిట్ ఫండ్స్ చట్టం ఒకసారి తెరిచి చూడండి, మొదట్లోనే నిర్వచనాలుంటాయి, మీ పనిలో సగం అక్కడే అయిపోయి ఉంది. టికెట్ అంటే చీటీలో సబ్‌స్క్రైబర్‌కున్న వాటా. సబ్‌స్క్రైబర్ అంటే టికెట్‌లో కొంత భాగం ఉన్నవాడు కూడా, రాతపూర్వకంగా టికెట్ బదిలీ చేయించుకున్నవాడు కూడా. అంటే ఒక మనిషికి చాలా టికెట్లుండొచ్చు, ఒక టికెట్‌ని ఇద్దరు పంచుకోనూ వచ్చు, సగం చీటీ వేసే అన్నదమ్ములు మనకి తెలియనివాళ్లా. మెంబర్ అనే మాటని మీ మోడల్లోంచి, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఏ వస్తువుకి ఏ పేరో, దేనికి దేనితో సంబంధమో చెప్పే నమూనాలోంచి, పూర్తిగా తీసేయండి, సబ్‌స్క్రైబర్, టికెట్ రెండే ఉంచండి. బ్రాంచిలో మెంబర్ అనుకుంటారు, అననివ్వండి, రిపోర్టులో కాలమ్ పేరు మాత్రం ఆ రెంటిలో ఒకటే అవ్వాలి.

ఇంకో మాట, 'పాట'. 5 లక్షల చీటీ, 40 నెలలు, నెలకి 12,500 అనుకుందాం. ఈ నెల పాట ఎంతకి పోయింది అనడిగితే ఒకరు లక్షా పాతిక వేలంటారు, పక్క సీటాయన మూడు లక్షల డెబ్బై ఐదు వేలంటాడు. మొదటిది పాడినతను వదులుకున్నది, రెండోది అతని చేతికొచ్చేది. పైగా పాట అంటే ఆ వేలం జరిగిన సంఘటన కూడా, 'ఇరవయ్యో తారీఖు పాట ఉంది' అంటాం కదా. ఒక్క మాటకి మూడు అర్థాలు, డేటాబేస్‌లో మాత్రం బిడ్ అమౌంట్ అని ఒక్క కాలమ్! వదులుకున్న 1,25,000ని చట్టం డిస్కౌంట్ అంటుంది. అందులోంచి ఫోర్‌మన్, అంటే చీటీ నడిపే కంపెనీ, కమిషన్ 5 లక్షల మీద 5 శాతం లెక్కన 25,000 పోతే మిగిలిన లక్షని 40 టికెట్లకి పంచితే తలా 2,500, ఇదే డివిడెండ్, అంటే కట్టాల్సింది 10,000. డిస్కౌంట్ మొత్తాన్నీ డివిడెండ్ అనుకుని 40తో భాగించిన కోడ్ నేను కళ్లారా చూశాను, కంపెనీ కమిషన్ కూడా కస్టమర్లకి పంచేసింది పాపం.

'ప్రైజ్డ్' మాట మీదా ఓ రోజంతా గొడవ పడండి, దండగ కాదు. పాట గెలిచినరోజే ప్రైజ్డ్ అంటారు బ్రాంచి వాళ్లు. జామీను కాగితాలు వచ్చి చెక్కు ఇచ్చాకే అంటారు అకౌంట్స్ వాళ్లు. చట్టం మాత్రం ప్రైజ్ మొత్తం అందుకున్నవాడినీ, అందుకోడానికి హక్కున్నవాడినీ ఇద్దర్నీ ప్రైజ్డే అంటుంది. కాబట్టి ప్రైజ్డ్ ఒక స్థితి, చెల్లింపు అయిందా లేదా అనేది ఇంకో స్థితి, విడిగా పెట్టండి.

ఇక పద్ధతి. 400 పదాల ఫైలు పక్కన పడేయండి, మూడు నెలల కష్టం అని తెలుసు, అయినా సరే. ఈ ఏడాదిలో రిపోర్టు తేడా వచ్చి గొడవైన చోట్లు రాసుకోండి, పదిహేనో ఇరవయ్యో మాటలు తేలతాయి. ఒక్కోదానికి నిర్వచనంతో పాటు 'ఇది అవును' అనే ఉదాహరణ ఒకటి, 'ఇది కాదు' అనే ఉదాహరణ ఒకటి రాయండి. ఈ రెండోదే ఎవరూ రాయరు, నన్నడిగితే అసలు విలువంతా దాన్లోనే. తర్వాత ఆ మాటల మధ్య సంబంధాలు మామూలు వాక్యాల్లో పెట్టండి: ఒక గ్రూపులో చాలా టికెట్లుంటాయి, ఒక టికెట్‌కి ప్రైజ్ ఒక్కసారే వస్తుంది, ఒక పాట ఒక గ్రూపుకే చెందుతుంది. ఓఎంజీ అనే స్టాండర్డ్స్ సంస్థ 2008లో తెచ్చిన ఎస్‌బీవీఆర్, అంటే వ్యాపారంలో వాడే మాటల్నీ నియమాల్నీ రాసే పద్ధతి, కూడా ఇలా వాక్యాలతోనే నడుస్తుంది, బాక్సులూ బాణాలూ తర్వాతి సంగతి. ఈ వాక్యాలు పట్టుకెళ్లి పాతికేళ్లు చీటీలు నడిపిన బ్రాంచి మేనేజర్ ముందు కూర్చుని పైకి చదవండి. డయాగ్రమ్ చూపిస్తే 'బావుందమ్మా' అంటాడు, వాక్యం చదివితే మాత్రం 'అదెలా, మొదటి నెల చీటీ కంపెనీయే తీసుకుంటుంది కదా, దానికి పాటెక్కడుంది' అంటాడు. అదీ మీకు కావాల్సింది.

ప్రశ్న: మాదీ చిట్స్ కంపెనీయే సార్. 2019లో చట్టంలో పేర్లు మార్చారు కదా, మా గ్లాసరీ అంతా మార్చాలా? - విజయవాడ

జవాబు: పేర్లు మారాయి, వస్తువులు మారలేదు. చిట్ అమౌంట్‌ని గ్రాస్ చిట్ అమౌంట్ అన్నారు, డివిడెండ్‌ని షేర్ ఆఫ్ డిస్కౌంట్, ప్రైజ్ అమౌంట్‌ని నెట్ చిట్ అమౌంట్. కౌంటర్ దగ్గర ఇప్పటికీ డివిడెండే. పేరునే గుర్తుగా పెట్టుకున్న మోడల్ ఇక్కడ విరుగుతుంది, అందుకే ప్రతి భావానికి ఒక నంబరిచ్చి దానికి పేర్లు తగిలించండి, చట్టం పేరు ఒకటి, కౌంటర్ పేరు ఒకటి. అదే సవరణలో ఫోర్‌మన్ కమిషన్ పరిమితి 5 నుంచి 7 శాతానికి పెరిగింది, అది మాత్రం నిజంగా విలువ మారడమే. కమిషన్ శాతం చిట్ అగ్రిమెంటుకి చెందిన లక్షణం అని మోడల్లో రాసుంటే ఒక్కో గ్రూపుకి దాని శాతం దానికుంటుంది, కోడ్‌లో 5 అని గట్టిగా రాసేసుంటే మీ రాత్రులు పోతాయి.

ప్రశ్న: మేం రైతులకి లోన్లిచ్చే యాప్ చేస్తున్నాం, రెండు రాష్ట్రాల్లో. భూమి విస్తీర్ణం ఒక్క కాలమ్‌లో పెడితే సరిపోతుందా అన్నా? - వరంగల్

జవాబు: సరిపోదు తమ్ముడూ, కొంప మునుగుతుంది! మీ వైపు 2.20 అంటే 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. గుంటూరు రైతు 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు. ఎకరానికి 40 గుంటలు, లేదా 100 సెంట్లు. ఒకే అంకె, 1,452 గజాల తేడా, దాని మీద లోను. పైగా 1.30, 1.20 కలిపితే కంప్యూటర్ 2.50 అంటుంది, గుంటల్లో అది 3.10. విస్తీర్ణం అనే భావానికి చదరపు గజాలో చదరపు మీటర్లో ఒక్క ప్రమాణం పెట్టుకుని, రికార్డులో ఎలా రాసుందో ఆ రాత విడిగా దాచండి. పాత డేటా శుభ్రం చేసేటప్పుడు ఒక కిటుకు, గుంటలైతే చుక్క తర్వాత 39 దాటకూడదు, దాటిందంటే అది సెంట్లో, టైపు తప్పో. మీరు పహాణీ అనేది అక్కడ అడంగల్, ఆ రెండూ ఒకే భావానికి రెండు పేర్లుగా పెట్టండి.

ప్రశ్న: ఇవన్నీ తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా? మా సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టేమో కంపెనీ మొత్తానికి ఒక్కటే నిర్వచనం ఉండాలంటున్నాడు. - పాఠకుడు, బెంగళూరు

జవాబు: జనం ఏ భాషలో వాదించుకుంటే ఆ భాషలో రాయండి. వెబ్‌కి ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ సంస్థ వాళ్ల స్కాస్ (SKOS) అని 2009 నుంచి ఒక స్టాండర్డ్ ఉంది, ఒక్కో భావానికి భాషకొక ముఖ్యమైన పేరు, మారుపేర్లు ఎన్నైనా పెట్టుకోవచ్చు. తెలుగు పేరు మాత్రం నిఘంటువు చూసి పెట్టకండి, 'బహుమతి పొందిన చందాదారుడు' అని స్క్రీన్ మీద కనిపిస్తే లాటరీ తగిలిందనుకుంటారు. 'చీటీ పాడినవాళ్లు' అనండి చాలు.

ఆర్కిటెక్ట్ గారి సంగతికొస్తే, మార్కెటింగ్‌కి కస్టమర్ అంటే ఫోనెత్తిన ప్రతివాడూ, లీగల్‌కి అగ్రిమెంటు మీద సంతకం పెట్టినవాడు మాత్రమే. సాఫ్ట్‌వేర్ డిజైన్ మీద పుస్తకం రాసిన ఎరిక్ ఎవాన్స్ 2003లోనే బౌండెడ్ కాంటెక్స్ట్ అని దీనికో పేరు పెట్టాడు, ఎవరి గడపలోపల వాళ్ల అర్థం, గడప దాటే చోట మాత్రం తర్జుమా రాసి ఉండాలి. మీ ఆర్కిటెక్ట్ గారు ఒప్పుకోకపోతే ఆ రెండు డిపార్ట్‌మెంట్ల వాళ్లనీ ఒక గదిలో కూర్చోబెట్టి కస్టమర్‌కి ఒక్క నిర్వచనం రాయించమనండి, టీ, సమోసా ఖర్చు ఆయనదే.