పంటు అంటే నావ కాదు

అమ్మాయ్,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన పన్నెండు పేజీలూ అందాయి. గోదావరి లంకలో మంచం పట్టిన ఆ మామ్మగారి కథ రెండుసార్లు చదివాను. ఉద్యోగం చేసుకుంటూనే, హోమ్‌కేర్ నర్సమ్మ వెంట ప్రతి ఆదివారం రేవు దాటి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంటున్నావు. అందుకు ముందుగా నా ఆశీస్సులు.

రాసింది ఇంకా సాహిత్యంలా ఉండాలంటే ఏం చెయ్యాలని అడిగావు. ఉన్నదే ఎక్కువైందమ్మా. గోదావరి అలల మీద జ్ఞాపకాల వెన్నెల అని ఆవిడ అనుండదు. ఆవిడ ఏమందో అది కావాలి నాకు.

ఇదే పొరపాటు నేనూ చేశాను. కోటిపల్లి రేవులో మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే బల్లకట్టు లాంటి పంటుని చాలా ఏళ్ళు నడిపిన ఒకాయన్ని, ఆస్పత్రిలో ఇక చేసేది లేదన్నాక ఇంటికి తెచ్చుకున్నారు. నాలుగు సాయంత్రాలు కూర్చుని ఆయన చెప్పిందంతా రికార్డు చేసుకున్నాను. అర్ధరాత్రి నొప్పులు పడుతున్న మనిషిని అవతలి గట్టుకి చేర్చిన సంగతి, ఎర్రనీరు కనపడగానే తాళ్ళు ఎలా మార్చి కట్టేవారో, అన్నీ చెప్పారు. ఆ తర్వాత మూడు వారాలు నా బల్ల దగ్గర కూర్చుని మెరుగులు దిద్దాను. ప్రతి మాట చివరా ఆయన అనే ‘ఆయ్’లు తీసేశాను. ఎర్రనీరుని వరద ఉద్ధృతి చేశాను. పంటుని నావ చేశాను. పని పూర్తయ్యేసరికి ఆయన లేరు. పెద్దకర్మ రోజున తీసుకెళ్ళి ఇస్తే, ఆయన భార్య మనవరాలి చేత చదివించుకుని, “మా ఆయన నావ ఎప్పుడూ నడపలేదండి, పంటు నడిపేవారు” అంది. కోపంగా కూడా అనలేదు. కాగితాలు మడిచి దేవుడి గూట్లో పెట్టింది. ఆయన బతికుండగా చదివి వినిపించి ఉంటే మొదటి పేజీలోనే ఆపేసేవారు.

కెనడాలో హార్వీ చోచినోవ్ అనే మానసిక వైద్యుడు ఈ పనికి ఒక పద్ధతి పెట్టాడు. డిగ్నిటీ థెరపీ అంటారు. రోగి చెప్పింది రికార్డు చేసి, కొద్ది రోజుల్లోనే రాసి, ఆ మనిషికే చదివి వినిపించి, దిద్దమన్నవి దిద్ది చేతికిస్తారు. 2005లో వచ్చిన ఆయన అధ్యయనంలో, ఇలా కథ చెప్పుకున్న 100 మందిలో 76 మంది తమకు తమ మీద గౌరవం పెరిగిందన్నారు. త్వరగా రాయడం, చదివి వినిపించడం రెండూ నేను వదిలేశాను. నువ్వు వదలకు.

చదివి వినిపిస్తే ఏమవుతుందో తర్వాత ఓసారి చూశాను. నర్సాపురం వైపు, చిన్నప్పటి నుంచీ లేసు అల్లిన ఒక పెద్దావిడ. మంచం మీద కూడా ఆవిడ వేళ్ళు ఊరుకునేవి కావు. ఎడమ చూపుడు వేలికి దారం చుట్టుకున్నట్టు, కుడిచేత్తో సూది లాగుతున్నట్టు, దుప్పటి అంచు మీద కదులుతూ ఉండేవి. నేను రాసుకెళ్ళింది చదువుతున్నాను. ఆవిడకి నలుగురు పిల్లలు అనగానే వేళ్ళు ఆగిపోయాయి.

“ఐదుగురు” అంది.

మొదటి పిల్ల తొమ్మిది రోజులే బతికిందట. ఇరవై ఒకటో రోజున పేరు పెడదామనుకున్నారట. గుమ్మంలో నిలబడ్డ కొడుక్కి అరవై దాటాయి. తనకో అక్క ఉండేదని అతను వినడం అదే మొదలు. ఆవిడ కళ్ళముందే నలుగురు అన్నది కొట్టేసి ఐదుగురు అని రాశాను. మళ్ళీ చదవమంది. చదివాను. వేళ్ళు మళ్ళీ కదిలాయి.

నువ్వు అడిగిన మిగతా విషయాలు. ఏ సంవత్సరమండీ అని అడక్కు, తడబడతారు, పరీక్షలా ఉంటుంది. మన కోనసీమలో కాలానికి వేరే గుర్తులున్నాయి. ఎనభయ్యారు వరదకి ముందా, తొంభయ్యారు తుఫాను తర్వాతా అని అడుగు. 1996 నవంబరు 6 రాత్రి ఎన్ని కొబ్బరిచెట్లు పడ్డాయో లెక్క చెప్పేవాళ్ళు, తమ పెళ్ళి తేదీ చెప్పలేరు. మార్ఫిన్ మాత్ర వేసుకునేవాళ్ళయితే వేళ ఎప్పుడో నర్సమ్మని అడుగు. వేసుకున్న ఓ గంటకి నొప్పి సద్దుమణుగుతుంది. కొందరు మగతలోకి జారుకుంటారు, అప్పుడు లేపకు. మాట్లాడించడం అరగంట చాలు. ఫ్యాను హోరుకి మాట వినపడటం లేదని ఫ్యాను మాత్రం ఆపకు. ఆయాసపడే మనిషికి ఆ గాలి కావాలి. ఫోనే దగ్గరగా పెట్టుకో.

ఇక నీకు బాగా టెన్షన్ పెట్టిన సంగతి. జబ్బేంటో అమ్మకి చెప్పలేదు, మీరూ అనకండి అని కొడుకు గుమ్మంలోనే చెప్పాడన్నావు. మన ఇళ్ళలో ఇది మామూలే, ప్రేమతోనే చేస్తారు. ఆ సంగతి బయటపెట్టడం నీ పని కాదు. అలాగని, తగ్గిపోతుందిలే మామ్మగారూ అని అబద్ధమూ ఆడొద్దు. ఆవిడే అడిగితే, “మీకేమనిపిస్తోంది?” అని అడిగి విను. విన్నది నర్సమ్మకి చెప్పు. చాలామందికి తెలిసే ఉంటుంది. పిల్లలు బాధపడతారని వాళ్ళూ పైకి అనరు. కథ రికార్డు చెయ్యడానికి కొడుకు ఒప్పుకుంటే సరిపోదు, ఆవిడ ఒప్పుకోవాలి. తోడికోడలితో తగువు, పొలం గట్టు గొడవ లాంటివి వచ్చినప్పుడు, ఇది రాయమంటారా అని అప్పుడే అడుగు. వద్దంటే అక్కడే చెరిపెయ్యి. అది ఎంత గొప్ప కథైనా సరే.

పన్నెండు పేజీలూ పక్కన పెట్టి రికార్డింగ్ మళ్ళీ విను. ఆవిడ మాటల్లోనే నాలుగు పేజీలు రాయి, పెద్ద అక్షరాలతో. సంక్రాంతి వెళ్ళాక చదివి వినిపిస్తానన్నావు. అంతవరకూ ఆగకు, ఈ ఆదివారమే తీసుకెళ్ళు. పనసపొట్టు కూర సంగతి మొదలుపెట్టి దగ్గు రావడంతో ఆగిపోయిందని నీ ఉత్తరంలో ఉంది, పేజీల్లో లేదు. ఆవ ఎప్పుడు కలిపేదో అడుగు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు