ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్

తమ్ముడూ, మొన్న సెలవులకు వచ్చినప్పుడు నల్లగొండ రామగిరిలో మీ ఇంట్లో చాయ్ తాగుతూ నువ్వు అడిగిన మాటకు నవ్వి ఊరుకున్నాను. "అన్నా, ఆగస్టులో బిడ్డను అమెరికాలో తొమ్మిదో తరగతిలో చేర్పిస్తున్నాం. సబ్జెక్టుల కాగితంలో ఆర్కెస్ట్రా అని రాసింది. అంత దూరం పోయి పెళ్ళిళ్ళలో పాటలు వాయిస్తుందా?" అన్నావు. నీ తప్పేమీ లేదు. మన దగ్గర ఆర్కెస్ట్రా అంటే రిసెప్షన్‌లో కీబోర్డు, ప్యాడ్లు పెట్టుకుని సినిమా పాటలు పాడే బృందమే.

అక్కడ బడిలో అది ఒక క్లాసు. రెండు జట్ల వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దవైన వయోలాలు, ఇంకా పెద్దవైన చెల్లోలు, డబుల్ బేస్‌లు, అన్నీ తీగల వాయిద్యాలే. పెద్ద కచేరీలకు బ్యాండ్ క్లాసు నుంచి ఫ్లూట్లు, ట్రంపెట్లు, డ్రమ్ములు వచ్చి కలుస్తాయి. లెక్కల క్లాసుకు ఉన్నట్టే దీనికీ మార్కులు, క్రెడిట్ ఉంటాయి. చాలా రాష్ట్రాల్లో హైస్కూలు పూర్తి కావాలంటే కళల్లో కొంత క్రెడిట్ తప్పనిసరి. అదీ దీనితో తీరుతుంది.

మా బిడ్డ చేరిన ఏడాది నేను చేసిన నిర్వాకం చెబుతాను. ఆమెను రెండో వయొలిన్ జట్టులో కూర్చోబెట్టారు. దేవరకొండలో ర్యాంకుల మధ్య పెరిగినవాణ్ణి, "రెండో" అన్న మాటే గిట్టలేదు. మొదటి కచేరీలో ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాను. నడుమ ఆమె ఉన్నట్టుండి కమాను, అదే తీగల మీద లాగే పుల్ల, దించి కాగితం తిప్పింది. పక్క పిల్లవాడు మాత్రం వాయిస్తూనే ఉన్నాడు. మరిచిపోయిందనుకుని నాకు చెమటలు పట్టాయి. ఇంటికి వెళ్ళేటప్పుడు కారులోనే అందుకున్నాను. "నాన్నా, స్వరాల కాగితాలు పెట్టుకునే స్టాండు ఇద్దరికీ ఒకటే. లోపలివైపు కూర్చున్నవాళ్ళు పేజీ తిప్పాలి. ఇద్దరమూ ఆగితే ఎలా?" అంది. అప్పటికే ఆమెను మొదటి జట్టులోకి మార్చమని టీచరుకు ఈమెయిల్ పంపి ఉన్నాను.

ఆవిడ ఒకరోజు సాధనకు వచ్చి కూర్చోమన్నారు. మొదటి జట్టును ఒక్కదాన్నే వాయించమన్నారు. చక్కని వరుస. తర్వాత రెండో జట్టు. అవే రెండు మూడు స్వరాలు, ఎడ్లబండి నడిచినట్టు. ఇద్దరినీ కలిపి వాయిస్తుండగా, నడుమ రెండో జట్టును ఆగమని సైగ చేశారు. నాలుగైదు బార్లు, అంటే మన తాళంలో ఆవర్తనాల్లాంటి చిన్న కొలతలు, దాటాయో లేదో మొదటి జట్టు పరుగందుకుంది. లయ పట్టి ఉంచింది ఎవరో నాకు అప్పుడు తెలిసింది. చిన్నప్పుడు మా ఊళ్ళో చిరుతల రామాయణం ఆడితే, రాముడి వేషం ఇవ్వలేదని అలిగాను. గుంపులో అడుగు వేయమని నిలబెట్టారు. అడుగు తప్పితే వెనకవాడు మడమ తొక్కేవాడు. టీచరు చెప్పిందీ ఆ మడమ పాఠమే.

ఇందులో అన్నిటికన్నా కష్టం ఊరికే ఉండటం. స్వరాల కాగితం మీద అడ్డంగా ఒక లావుపాటి గీత, దాని మీద 24 అన్న అంకె ఉంటుంది. అంటే 24 బార్లు కదలకుండా మనసులో లెక్కపెట్టుకుని, ఇరవై అయిదోదానికి అందరితో కలిసి కమాను వేయాలి. ఒక్కడు ముందే వేస్తే హాలంతా వింటుంది. టెక్సస్ లాంటి రాష్ట్రాల పోటీల్లో అప్పటిదాకా చూడని కాగితం ఇచ్చి, కొద్ది నిమిషాలు చూడనిచ్చి, వాయించమంటారు. బట్టీ పట్టే దారే లేదు. ఇది మన పిల్లలకు ఎంత అవసరమో నేను చెప్పాలా?

ఇంకొకటి. కొత్త దేశంలో మొదటి నెల, మధ్యాహ్నం భోజనానికి ఎవరి పక్కన కూర్చోవాలన్నదే పిల్లల పెద్ద బెంగ. ఒకే స్టాండు ముందు రోజూ పక్కపక్కన కూర్చున్నవాళ్ళకు ఆ బెంగ తొందరగా పోతుంది.

మీ బిడ్డ రెండేళ్ళు కర్ణాటక వయొలిన్ నేర్చుకుందన్నావు. శ్రుతిజ్ఞానం, తాళం వెంట వస్తాయి. చేతులకు మాత్రం మళ్ళీ ఓనమాలు. కింద కూర్చుని వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించడం ఉండదు. కుర్చీ అంచున నిటారుగా కూర్చుని గడ్డం కింద పట్టాలి. తీగలు సా-పా-సా-పా బదులు జి-డి-ఎ-ఇ. పాడేవారిని బట్టి శ్రుతి మార్చుకోవడమూ ఉండదు. అలవాటుగా ఒక గమకం పడితే టీచరు కనుబొమ్మలు లేస్తాయి. అయిదు గీతల మీద స్వరాలు చదవడం ఇప్పటి నుంచే మొదలుపెట్టించు. అక్కడి పిల్లలు చాలామంది ఆరో తరగతికే అది నేర్చేసి ఉంటారు. కొత్తవాళ్ళకు వేరే క్లాసు ఉందో లేదో ముందే కనుక్కోవాలి. వయోలా ఇస్తామంటే కాదనవద్దు. వయొలిన్‌కు ఎగబడేవాళ్ళే ఎక్కువ, వయోలాకు మనుషులు దొరకరు.

వాయిద్యం కొనకు, అద్దెకు తీసుకో. కొన్ని దుకాణాల్లో కట్టిన అద్దెను తర్వాత ధరలో తగ్గిస్తారు. ఎండాకాలం కారులో వదిలేయకండి, జిగురు విడిపోతుంది. కాలేజీ దరఖాస్తుకు బాగుంటుందని మాత్రం చేర్పించకు. ఆ లెక్కన చేరినవాళ్ళ వయొలిన్లు మా వీధిలోనే రెండు అటకెక్కాయి.

టీచరుకు ఈమెయిల్ నువ్వు రాయకు, బిడ్డ చేత రాయించు. నేను రాసినదాన్ని మీ వదిన ఇప్పటికీ చుట్టాల ముందు చదివి వినిపిస్తుంది.