‘చెక్ చేశాం, ప్రాబ్లం ఏమీ లేదు’ అని పంపేస్తుంటే ఏం చేయాలి?

ప్రశ్న: కొత్త కారు కొని ఇంకా ఏడాది కాలేదు. ఆటోమేటిక్ గేర్ల కారు. పొద్దున్నే స్టార్ట్ చేసి బయల్దేరాక కాసేపటి వరకు, నెమ్మదిగా వెళ్తూ బ్రేక్ వేసి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క కుదుపు ఇచ్చి ముందుకు దూకుతోంది. ఒక్కోసారి ఇంజిన్ లైట్ వెలుగుతుంది, తర్వాత దానంతటదే ఆరిపోతుంది. డీలర్ దగ్గరికి తీసుకెళ్లిన ప్రతిసారీ సాయంత్రం దాకా ఉంచుకుని ‘చెక్ చేశాం, ప్రాబ్లం ఏమీ లేదు’ అని కడిగి ఇచ్చేస్తున్నారు. ఒకసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామన్నారు, కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ మొదలైంది. గట్టిగా అడిగితే ‘ఈ మోడల్ కార్లన్నీ ఇంతేనండీ’ అంటున్నారు. వారంటీ అయిపోయేదాకా ఇలాగే తిప్పుతారేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంట్లోవాళ్లు ఆ కారెక్కాలంటే భయపడుతున్నారు. దారేదైనా ఉందా?

జవాబు: ఉంది. ముందు ఒక పని చేయండి, ఇప్పటిదాకా వాళ్లిచ్చిన జాబ్ కార్డులన్నీ బయటికి తీసి, మీ ఫిర్యాదు రాయాల్సిన చోట ఏం రాశారో చదవండి. ‘జనరల్ చెకప్’ అనో, ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ అనో మాత్రమే ఉంటే, కాగితం ప్రకారం మీ కారు గేర్ల సమస్యతో అక్కడికి ఎప్పుడూ రానట్టే. మీరు నోటితో ఎంత మొత్తుకున్నా అది రికార్డు కాదు. ఇలాంటి కేసులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇకనుంచి మీ మాటలు మీరన్నట్టుగా రాస్తే తప్ప జాబ్ కార్డు మీద సంతకం పెట్టకండి. కారు తిరిగి తీసుకునేటప్పుడు కూడా ఏం చూశారో, ఏం చేశారో, ఏమీ దొరక్కపోతే ఏమీ దొరకలేదనైనా సరే రాయించుకోండి, తేదీ, కిలోమీటర్ల రీడింగు తప్పకుండా ఉండాలి.

డీలర్ ఎందుకిలా చేస్తాడో తెలిస్తే మీరేం చేయాలో కూడా తెలుస్తుంది. వారంటీలో చేసిన పనికి డీలర్‌కు డబ్బులిచ్చేది తయారీ కంపెనీ. ఏ పనికి ఎంత సమయం అన్నది కంపెనీయే లెక్కగట్టి, ఆ మేరకే ఇస్తుంది. లోపం ఎక్కడుందో వెతకడానికి పట్టిన సమయానికి చాలాసార్లు సరిగా డబ్బులు రావు. పైగా మార్చిన పార్టును కంపెనీ వెనక్కి తెప్పించుకుని పరీక్షించి, అది బాగానే ఉందని తేలితే ఆ క్లెయిము కొట్టేయొచ్చు. కాబట్టి మెకానిక్ తన కళ్లతో చూడనిదే, లేదా కంప్యూటర్లో లోపాన్ని చూపే కోడ్ కనపడనిదే గేర్‌బాక్స్ జోలికి పోడు. దీనివల్ల వాళ్లు చేసేది న్యాయమైపోదు. కానీ మీరు వాళ్లకు చూపించాల్సింది కోపం కాదు, లోపం.

మీ కారు విషయంలో అసలు చిక్కు ఏమిటంటే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కుదుపు వస్తోంది. మీరు డీలర్ దగ్గరికి నడుపుకుంటూ వెళ్లేసరికి ఇంజిన్, గేర్‌బాక్స్ వేడెక్కిపోతాయి, వాళ్లు టెస్ట్ డ్రైవ్‌కు తీసుకెళ్లేటప్పటికి కారు చక్కగా నడుస్తుంది. అందుకని ముందురోజు సాయంత్రమే కారు అక్కడ వదిలేసి, పొద్దున్న మీరున్నప్పుడే స్టార్ట్ చేయాలని జాబ్ కార్డులో రాయించండి, టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడపండి. ‘గేర్‌బాక్స్ పోయింది’ అని మాత్రం రాయించొద్దు. అది మీ నిర్ధారణ, దాన్ని కొట్టిపారేయడం తేలిక. రాత్రంతా ఆగి ఉన్న కారు, స్టార్ట్ చేశాక ఎన్ని నిమిషాలకు, ఎంత వేగంలో, ఎత్తు మీదా చదునులోనా, ఏసీ వేసి ఉందా లేదా, అప్పుడు ఏ లైట్ వెలిగింది, ఇవన్నీ రాయించండి. కుదుపు వచ్చినప్పుడు వీడియో కూడా తీయండి, పక్క సీట్లో ఉన్నవాళ్లు తీయాలి, డ్యాష్‌బోర్డు కనపడాలి.

ఇక ఇంజిన్ లైట్ సంగతి. లైట్ ఆరిపోయింది కదా, ఇప్పుడు వెళ్తే ఏం దొరుకుతుందిలే అని ఊరుకోవద్దు. ఇప్పటి కార్లలో ఉండే ఓబీడీ (కారు తన లోపాలను తానే కనిపెట్టే) వ్యవస్థ లోపాన్ని గుర్తించగానే ఒక కోడ్ దాచుకుంటుంది, దాంతోపాటు ఆ క్షణాన ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎంలో ఉంది, కారు ఎంత వేగంలో ఉంది, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఎంత వేడిగా ఉంది లాంటి వివరాలు కూడా. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. వరసగా 3 ప్రయాణాల్లో ఆ లోపం మళ్లీ కనపడకపోతే లైట్ ఆరిపోతుంది కానీ, కోడ్ మాత్రం ఇంజిన్ దాదాపు 40 సార్లు చల్లబడి మళ్లీ వేడెక్కేదాకా మెమరీలో ఉంటుంది. అంటే సాక్ష్యం కారులోనే ఉంటుంది. స్కానర్‌తో కోడ్ క్లియర్ చేస్తే ఆ ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది, కొన్ని కార్లలో బ్యాటరీ తీసినా అంతే. అందుకే కోడ్‌లు చెరిపే ముందు ప్రింట్ తీసి ఇవ్వమని లిఖితపూర్వకంగా అడగండి. ఓబీడీ సాకెట్ స్టీరింగ్ కింద ఉంటుంది, 16 పిన్నులది. చిన్న రీడర్ కొనుక్కుంటే మీరే కోడ్ చూసి ఫోటో తీసుకోవచ్చు. ‘పీ07’తో మొదలయ్యే కోడ్‌లు గేర్‌బాక్స్‌కు సంబంధించినవి. ఆ రీడర్లో క్లియర్ బటన్ ఉంటుంది, దాని జోలికి మాత్రం పోవద్దు.

‘ఈ మోడల్ అన్నీ ఇంతే’ అన్నదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. ఏఎంటీ రకం (మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్, గేర్లు యంత్రం మార్చేలా చేసిన) ఆటోమేటిక్‌లలో గేరు మారేటప్పుడు చిన్న ఆలస్యం, కాస్త కుదుపు సహజంగానే ఉంటాయి. కానీ కారు ముందుకు దూకడం, లైట్ వెలగడం సహజం కాదు. అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్ ఉన్న ఇంకో కారును, అది కూడా రాత్రంతా ఆగి ఉన్నదాన్ని, పొద్దున్నే నడిపి చూస్తానని అడగండి. అది అలా చేయకపోతే ఆ మాట జాబ్ కార్డులో ఎక్కించండి. ఒకవేళ అదీ అలాగే చేస్తుంటే, ఈ సమస్య మీద కంపెనీ డీలర్లకు సర్వీస్ బులెటిన్ (ఫలానా లోపాన్ని ఎలా సరిచేయాలో చెప్పే నోటు) ఏమైనా పంపిందా అని అడగండి. ఇలాంటి బులెటిన్లు వర్క్‌షాపులకు వెళ్తాయి, కారు యజమానులకు చాలాసార్లు తెలియవు. రీకాల్ వేరు, అది భద్రతకు సంబంధించిన లోపమని ఒప్పుకుని ఉచితంగా బాగు చేయడం. మీ కారు 17 అక్షరాల చాసిస్ నంబరుతో రీకాల్ ఉందో లేదో కంపెనీని అడగండి.

అప్పటికీ కదలకపోతే అదే కంపెనీకి చెందిన ఇంకో అధీకృత వర్క్‌షాపుకు తీసుకెళ్లండి. చాలామంది కొన్నచోటికే తిరుగుతుంటారు కానీ, వారంటీ ఇచ్చింది తయారీ కంపెనీ, మామూలుగా దాని అధీకృత వర్క్‌షాపు ఏదైనా ఆ పని చేయాలి. నా దృష్టిలో అన్నిటికన్నా త్వరగా ఫలితం ఇచ్చేది ఇదే. దీంతోపాటే కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి. తేదీలు, కిలోమీటర్లు, జాబ్ కార్డు నంబర్లు, చాసిస్ నంబరు, నడుస్తున్న కారు ఒక్కసారిగా ముందుకు దూకుతోంది కాబట్టి ఇది భద్రత సమస్య అన్న మాట, కంపెనీ ఇంజినీరు వచ్చి చూడాలన్న కోరిక, అంతే. తిట్లు వద్దు, పాత గొడవలు వద్దు. ఫిర్యాదు నంబరు తీసుకోండి, ఫోన్లో ఏం మాట్లాడినా తర్వాత మెయిల్లో రెండు ముక్కలు రాసి పంపండి.

చట్టం ఒక్కో చోట ఒక్కోలా ఉంది. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న కారును 30 రోజుల్లోపు తిరిగి ఇచ్చేయొచ్చు, ఆ తర్వాతైతే ఒకసారి బాగుచేసే అవకాశం ఇచ్చి, అప్పటికీ కుదరకపోతే తిరస్కరించవచ్చు. అమెరికాలో ‘లెమన్’ (ఎంత బాగుచేసినా బాగవని కారు) చట్టాలు రాష్ట్రానికొకటి, మొదటిది 1982లో కనెక్టికట్‌లో వచ్చింది. ఒకే లోపానికి ఇన్నిసార్లు ప్రయత్నించినా బాగవకపోతే, లేదా కారు ఇన్నాళ్లు వర్క్‌షాపులోనే ఉంటే అన్నదే వాటి లెక్క. భారతదేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తయారీదారు మీద, అమ్మినవాళ్ల మీద కూడా ఫిర్యాదు చేయొచ్చు, సమస్య తలెత్తిన 2 ఏళ్లలోపు వేయాలి, అవసరమైతే వినియోగదారుల కమిషన్ వస్తువును పరీక్షకు పంపిస్తుంది. ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది మాత్రం, బాగుచేయమని ఎప్పుడెప్పుడు ఇచ్చారు, రుజువేది అనే. ఇంకోటి, కారు మొత్తం మార్చి ఇమ్మనడం మీకు న్యాయంగానే అనిపించొచ్చు కానీ, పార్టు మారిస్తే పోయే లోపానికి అంత తేలిగ్గా కొత్త కారు రాదు. ముందు గేర్‌బాక్స్ సరిచేయించడం మీద పట్టుబట్టండి.

ఈలోగా ఆ కుదుపు ఎక్కువైతే, లేదా ఇంజిన్ లైట్ ఆరుతూ వెలుగుతూ మెరిస్తే, ఇక ఆ కారు నడపకండి. టోయింగ్ చేయించుకోండి, ఆ రసీదు దాచండి.

ప్రశ్న: కొత్త కారుకు బయట షాపులో కెమెరా, అదనపు లైట్లు పెట్టించాను. ఇప్పుడు పవర్ విండో పనిచేయకపోతే ‘బయట వైర్లు కదిపారు, వారంటీ మొత్తం పోయింది’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: ‘మొత్తం పోయింది’ అన్నది చాలావరకు నిజం కాదు. మీ వారంటీ పుస్తకం తీసి చదవండి, సాధారణంగా బయట పెట్టించిన సామాను వల్ల కలిగిన నష్టానికి వారంటీ లేదనే ఉంటుంది. అంటే ఆ లైట్ల వల్లే విండో పోయిందని వాళ్లు చూపించాలి. ఏ వైరు, ఏ ఫ్యూజు, ఎలా అన్నది రాసివ్వమనండి. అయితే షాపువాడు విండో సర్క్యూట్ వైరునే కోసి అక్కడినుంచి కరెంటు లాగి ఉంటే డీలర్ మాటలో పస ఉంది, అప్పుడు ఆ ఖర్చు షాపువాణ్ణి అడగాలి. వైరింగు ఇప్పుడెలా ఉందో ముందు ఫోటోలు తీసి పెట్టుకోండి, ఆ తర్వాతే ఎవరినైనా ముట్టుకోనివ్వండి.

ప్రశ్న: కారు బాగుచేసేదాకా లోను కిస్తీ కట్టనంటే డీలర్ దారికొస్తాడా?

జవాబు: రాడు. డీలర్‌కు రావాల్సిన డబ్బు ఎప్పుడో వచ్చేసింది. కిస్తీ ఆపితే దెబ్బతినేది మీ క్రెడిట్ స్కోరు, కారును కూడా జప్తు చేయొచ్చు. కొన్ని దేశాల్లో కొన్ని రకాల ఫైనాన్స్‌లో అప్పిచ్చిన సంస్థకు కూడా కారు లోపం విషయంలో బాధ్యత ఉంటుంది కాబట్టి ఫిర్యాదు కాపీ ఒకటి వాళ్లకూ పంపండి, కిస్తీ మాత్రం టైముకు కడుతూనే ఉండండి.