పేపర్ ఉంది కదా అని ఛానల్ పెట్టేయకురా

చిరంజీవికి,

నాలుగు ఎడిషన్లున్నాయి, ఊరూరా విలేకరులున్నారు, ఇక కెమెరాలు కొంటే ఛానల్ అయిపోయినట్టే కదా బాబాయ్ అన్నావు ఫోన్లో. అప్పట్నుంచి నాకు టెన్షన్‌గా ఉందిరా, అందుకే రాస్తున్నా.

ఈనాడు 1974లో విశాఖలో మొదలైంది, ఈటీవీ వచ్చింది 1995 ఆగస్టులో. ఆ ఇరవై ఒక్క ఏళ్లలో వాళ్లు జిల్లా పేజీలు పెట్టి మండలాల దాకా కంట్రిబ్యూటర్లను, అంటే పార్ట్‌టైమ్ విలేకరులను, అల్లుకున్నారు. ఛానల్ వచ్చాక కూడా పాటలు, సీరియళ్ల మధ్యే బులెటిన్లు నడిపారు, పూర్తిగా వార్తలకని ఈటీవీ2 పెట్టింది 2003 డిసెంబరులో. నాకు అన్నిటికంటే నచ్చింది అన్నదాత సంగతి: 1969 నుంచి రైతులు చదువుతున్న పత్రిక, అదే పేరుతో పొద్దున్నే టీవీలో కార్యక్రమం. కొత్తగా పరిచయం చేసుకోవాల్సిన పనే లేదు. నీ పేపర్లో జనం పేరు పెట్టి అడిగే పేజీ ఒక్కటైనా ఉందా?

ఇక డబ్బు. పేపర్‌కైతే ఏజెంటే నీకు డిపాజిట్ కడతాడు. ఛానల్‌కి అది తిరగబడుతుంది, కేబుల్లో కనపడాలంటే నువ్వే క్యారేజ్ ఫీజు కట్టాలి, మంచి నంబరు కావాలంటే ఇంకా ఎక్కువ. అమ్ముడుపోకపోతే పది వేల కాపీలు తగ్గించి న్యూస్‌ప్రింట్ మిగుల్చుకుంటావు కానీ, చూసేవాళ్లు తగ్గారని శాటిలైట్ అద్దె తగ్గదు. అంత పెద్ద ఈటీవీ వాళ్లే వేరే భాషల్లో వార్తా ఛానళ్లు మొత్తం, వినోద ఛానళ్లలో సగం వాటా 2014లో టీవీ18కి ఇచ్చేశారు, తెలుగులో మాత్రం పావు వాటాకి మించి వదల్లేదు. (వీ6 వాళ్లది ఎదురు దారి, ముందు ఛానల్, 2018లో వెలుగు పేపర్. అదీ ఆలోచించు.)

డెస్క్ మాటా చెప్పాలి. మా ఆఫీసులో ఛానల్ పెట్టిన కొత్తలో పేపర్ కాపీనే ప్రాంప్టర్లోకి, అంటే న్యూస్ రీడర్ చూసి చదివే తెరలోకి, ఎక్కించాం. నేను రాసిన లీడ్, అంటే వార్త మొదటి పేరా, మొత్తం ఒక్కటే పొడుగాటి వాక్యం, చదివే అమ్మాయికి సగంలో ఊపిరాడక దగ్గొచ్చింది, లైవ్‌లో. మన సబ్ ఎడిటర్లకి విజువల్ చూసి మాట తగ్గించడం రావడానికి ఏడాది పట్టింది. కొందరికి రాలేదు, వాళ్లని మళ్లీ పేపర్‌కే పంపారు.

ముందు మీ విలేకరులు ఫోన్లలో తీసే వీడియోలతో రోజూ పావుగంట బులెటిన్ యూట్యూబ్‌లో పెట్టు. మూడు నెలలు ఒక్కరోజు కూడా తప్పకుండా నడిస్తే లెక్కల పుస్తకం పట్టుకుని నా దగ్గరికి రా. అప్పటిదాకా అప్పు కాగితాల మీద సంతకం పెట్టకు.

మీ బాబాయ్