ఫ్యూజన్ రాకెట్‌లో వికిరణ నష్టాన్ని అద్దాలతో ఆపగలమా?

ఫ్యూజన్ (కేంద్రక సంలీనం) ఇంజన్‌లోని ప్లాస్మా, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన అతివేడి వాయువు, నుంచి వెలువడే వికిరణాన్ని గోడలకు అద్దాలు బిగించి మళ్లీ ప్లాస్మాలోకే పంపితే నష్టం ఆగదా అని మీరు అడిగారు. తిరుపతిలో ఎం.ఎస్సీ. విద్యార్థులకు ప్లాస్మా భౌతికశాస్త్రం చెప్పే రోజుల్లో ఈ ప్రశ్న నాకు తరచుగా ఎదురయ్యేది. అది ఏ వికిరణం అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్లు వెలువరించే సింక్రోట్రాన్ వికిరణం చాలావరకు మైక్రోవేవ్, దూర పరారుణ శ్రేణుల్లో ఉంటుంది కాబట్టి లోహపు గోడ దాన్ని చక్కగా ప్రతిఫలిస్తుంది, ప్లాస్మా అందులో చాలా భాగాన్ని తిరిగి శోషించుకుంటుంది. ఎలక్ట్రాన్లు అయాన్ల పక్కగా పోతూ దారి మళ్లినప్పుడు పుట్టే బ్రెమ్‌స్ట్రాలుంగ్ అలా కాదు. అవి పదుల కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్-కిరణాలు. అద్దం ఉపరితలాన్ని దాదాపు ఒరుసుకుంటూ వస్తే తప్ప ప్రతిఫలించవు. ఒకవేళ వెనక్కి పంపినా, ప్లాస్మా వాటికి పారదర్శకం కాబట్టి దాన్ని దాటి అవతలి గోడకు తగులుతాయి.

అందుచేత నష్టం ఎంత ఉండాలన్నది ఇంధనం ఎంపికలోనే చాలావరకు తేలిపోతుంది. బ్రెమ్‌స్ట్రాలుంగ్ అయాన్ ఆవేశపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే బోరాన్ అయాన్ ఒక్కటి ప్రోటాన్‌కు 25 రెట్లు వెలువరింపజేస్తుంది. ప్రోటాన్-బోరాన్ ఇంధనం న్యూట్రాన్లు దాదాపు లేనిదైనా అందరూ జంకేది ఇందుకే. డ్యుటీరియం-హీలియం-3 చర్యలో వెలువడే 18.3 మెగా ఎలక్ట్రాన్ వోల్టులూ ప్రోటాన్, ఆల్ఫా కణాలకే దక్కుతాయి, ఆవేశమున్న ఆ కణాలను అయస్కాంత నాజిల్‌తో, అంటే అయస్కాంత క్షేత్రమే గొట్టంలా పనిచేసే ఏర్పాటుతో, రాకెట్ వెనక్కి మళ్లించవచ్చు. డ్యుటీరియం తనలో తాను కలిసి కొన్ని న్యూట్రాన్లను పుట్టిస్తుంది గానీ, నా దృష్టిలో రాకెట్‌కు ఇదే మెరుగైన రాజీ.

శ్రీహరికోట ఇప్పుడు మన జిల్లాలోనే ఉండటం వల్లనో ఏమో, మా విద్యార్థుల ధ్యాసంతా థ్రస్ట్ మీదే ఉండేది. రసాయన రాకెట్‌లో వేడి చాలావరకు వాయువులతో పాటే బయటికి పోతుంది. ఇక్కడ గోడ పీల్చుకున్న వేడిని రేడియేటర్ వెలువరించాల్సిందే. మే నెల రాత్రి సెగలు కక్కే మన మిద్దెకు గాలైనా తోడుంటుంది, అంతరిక్షంలో అదీ లేదు. తరగతిలో నేను వేయించే లెక్క ఇది: 1,000 మెగావాట్ల ఇంజన్‌లో 200 మెగావాట్లు ఎక్స్-కిరణాలుగా పోతున్నాయనీ, గోడ మొత్తం శోషించుకుంటోందనీ అనుకుందాం. 1,000 కెల్విన్ల దగ్గర రెండు వైపులా ప్రసరించే ఆదర్శ రేడియేటర్ చదరపు మీటరుకు 113 కిలోవాట్లే పంపగలదు, కాబట్టి సుమారు 1,770 చదరపు మీటర్ల పలక కావాలి. కానీ నేల మీది రియాక్టర్‌కు శూన్యపాత్ర తప్పనిసరి. అంతరిక్షమే శూన్యం కాబట్టి గోడను వదిలేసి, ప్లాస్మాను పట్టి ఉంచే అయస్కాంత కాయిళ్లు, దూలాలు మాత్రమే ఉంచితే కిరణాల్లో అధికభాగం సూటిగా బయటికి పోతుంది. నిర్మాణానికి పదో వంతే తగిలితే సుమారు 177 చదరపు మీటర్లు చాలు.

అద్దాల కన్నా ముందు మీరు లెక్కించవలసింది, 20 కెల్విన్ల దగ్గర ఉండే అతివాహక (విద్యుత్ నిరోధం లేని) కాయిళ్లకు ప్లాస్మా ఎంత కోణంలో కనిపిస్తుందన్నది. అక్కడ చేరే ఒక్క వాటును 1,000 కెల్విన్ల రేడియేటర్‌కు ఎక్కించడానికి ఆదర్శ యంత్రానికే 49 వాట్లు ఖర్చవుతాయి కాబట్టి, కవచపు బరువంతా కాయిళ్ల ముందే పెట్టాలి.