పాత మియాటా: కాయిలోవర్ల కంటే ముందు చూడాల్సింది

బ్రదర్, మిషిగన్‌లో 2001 మాజ్దా మియాటా (రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు) చూశాను, గతుకు వచ్చినప్పుడల్లా దబ్బుమంటోంది, కొనగానే చవక కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగ్, షాక్ సెట్లు) వేసి కారుని కిందికి దించేస్తే సరిపోతుందా అని అడిగారు కదా. సరిపోదు. ముందు తుప్పు చూడండి. అక్కడ చలికాలంలో రోడ్లమీద ఉప్పు చల్లుతారు, పైగా ఈ కారులో మడిచే టాప్ మీద పడిన నీళ్లు సీట్ల వెనకున్న సన్నటి గొట్టాల్లోంచి కిందికి పోతాయి, అవి చెత్తతో మూసుకుపోతే వెనక చక్రాల ముందు, డోర్ కింద ఉండే బాడీ భాగాన్ని తుప్పు లోపలి నుంచే తినేస్తుంది. అక్కడ బొటనవేలితో గట్టిగా నొక్కండి. పెయింటు బుడగలా లేచినా, మెత్తగా తగిలినా, ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి.

బాడీ గట్టిగా ఉంటే ఆ చప్పుడు చాలావరకు అరిగిన షాక్‌లది (కుదుపుల్ని అణిచే షాక్ అబ్జార్బర్లు), నలిగిపోయిన బంప్‌స్టాప్‌లదే (చక్రం మరీ పైకి లేస్తే ఆపే మెత్తటి దిమ్మలు) అయ్యుంటుంది. ఈ కారులో చక్రం పైకి లేవడానికి ఉన్న చోటే తక్కువ, ఇంకా దించితే ప్రతి గుంతకీ బంప్‌స్టాప్‌కే తగులుతుంది. నేనైతే మంచి షాక్‌లు, కొత్త బంప్‌స్టాప్‌లు, సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు వేస్తాను. బుష్‌ల బోల్టులు మాత్రం కారు జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించొద్దు, బరువంతా చక్రాల మీద పడ్డాకే బిగించాలి, లేకపోతే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరిగిపోతుంది. చక్రాల కోణం సరిచేసే ఆ పొడవాటి అలైన్‌మెంట్ బోల్టులు బుష్‌లో పట్టేసి ఉంటాయి, నాకు ఒక్కదానికే సాయంత్రమంతా పట్టింది, ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. ఆఖర్న నాలుగు చక్రాలకీ అలైన్‌మెంట్ చేయించండి.