గొంతు బాగుందంటున్నారు. వాయిస్ ఓవర్‌లోకి ఎలా రావాలి?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. ఆఫీసులో అందరూ గొంతు బాగుందంటున్నారు, మంచి మైక్ కొనాలా, వారాంతపు కోర్సులో చేరాలా అని. హైదరాబాద్‌లో డబ్బింగ్ సీరియళ్లకి, యాడ్లకి, ఈమధ్య ఎక్కువగా ఆడియో పుస్తకాలకి గొంతిస్తున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

గంభీరమైన గొంతంటే మనవాళ్లకి మోజు. అందులో సాయికుమార్ గారి చలవ చాలా ఉంది. కొత్త కుర్రాళ్లు ఆయన డైలాగులే శాంపిల్‌గా పట్టుకొస్తుంటారు. ఆ గొంతు కావాల్సినవాళ్లు ఆయన్నే పిలుచుకుంటారు కదా! స్టూడియో అద్దె గంటల లెక్కన నడుస్తుంది. అందుకే రికార్డింగ్ నడిపించే ఇన్‌ఛార్జి "కోపం తగ్గించు, విసుగు పెంచు" అన్నాక రెండో టేక్‌కే అది చేసి చూపించేవాళ్లకి మళ్లీ ఫోన్ వస్తుంది. గొంతు మామూలుగా ఉన్నా సరే, తొందరగా అందుకునేవాళ్లు చేతినిండా పనితో ఉండటం నేను చూస్తూనే ఉన్నాను.

డబ్బింగ్‌లో ఆ అందుకోవడం ఎలా ఉంటుందో ఒక ముక్క చూడండి. హిందీ సీరియల్లో అమ్మాయి క్లోజప్‌లో "కహా థే తుమ్" అంటుంది. కాగితం మీద "ఎక్కడికి వెళ్లావు నువ్వు" అని ఉంటుంది. ఆమె నోరు మూసేసినా మనది ఇంకా సాగుతూనే ఉంటుంది. అదే "ఏమైపోయావ్" అంటే నిడివి సరిపోతుంది, చివర్న ఆమె పెదాలు కలిసే చోటికి మన "వ్" దగ్గరగా వచ్చి కూర్చుంటుంది. మార్చే అధికారం రచయితది, ఇన్‌ఛార్జిది. కానీ ఇబ్బంది ఎక్కడుందో పట్టుకుని "సార్, ఇలా అననా" అని అడిగే కొత్తవాళ్లంటే వాళ్లకి ముద్దు.

దీనికి ఇంట్లో చేసుకోదగ్గ సాధన ఒక్కటే: ఎప్పుడూ చూడని పేజీ తీసి, ముందు మనసులో చదువుకోకుండా, ఫోన్‌లో రికార్డ్ చేస్తూ పైకి చదవండి. పేపర్లో సంపాదకీయం ఒకరోజు, పిల్లల కథ ఒకరోజు, మందుల పెట్టెలో వచ్చే కాగితం ఇంకోరోజు. తర్వాత వింటే శ, ష, స ఎక్కడ కలిసిపోతున్నాయో, ళ ఎక్కడ ల అయిపోతోందో, ఒత్తులు ఎక్కడ ఎగిరిపోతున్నాయో మీకే తెలుస్తుంది. సీమ యాసో తెలంగాణ యాసో ఉంటే చెరిపేసుకోకండి. ప్రామాణికంగా చదవడం వస్తే చాలు, యాస అదనపు ఆస్తి. దాన్ని అడిగి మరీ పిలుస్తున్నారిప్పుడు.

మైక్ ఇప్పుడే కొనొద్దు. ముందు గది చూసుకోండి. ఫ్యాన్ ఆపి, బట్టల బీరువా తలుపులు తెరిచి, అటు తిరిగి మాట్లాడండి, వెనక ఒక బొంత వేలాడదీయండి. రికార్డింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. మామూలుగా మాట్లాడే లెవెల్ పెట్టుకుని అర నిమిషం నోరు మెదపకుండా రికార్డ్ చేయండి. ఆ నిశ్శబ్దం మీటర్‌లో మైనస్ 60 డెసిబెల్స్ కంటే కింద ఉండాలి. ఆడియో పుస్తకాలు తయారుచేసే వాళ్ల కోసం అమెజాన్ నడిపే ఏసీఎక్స్ అనే వేదిక పెట్టిన హద్దు కూడా అదే. పక్కింటి బోరు మోటరు వినిపిస్తుంటే చిన్న చప్పుడునీ పట్టేసే కండెన్సర్ మైక్ ఎంత ఖరీదైనదైనా దాన్ని ఇంకా శుభ్రంగా వినిపిస్తుంది, అంతే. మైక్ కొన్నాక జానెడు దూరంలో, కాస్త పక్కకి పెట్టుకోండి, లేకపోతే ప, బ, భ దగ్గర గాలి కొడుతుంది.

కోర్సు గురించి ఒకటే అడగండి: ఒక్కొక్కరికీ మైక్ ముందు ఎంతసేపు దొరుకుతుంది? ఫీజు కట్టగానే అవకాశాలు గ్యారంటీ అనేవాళ్ల జోలికి పోవద్దు.

మొదటి పనులు చిన్నవే ఉంటాయి. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు స్టూడియోల్లో గుంపులో అరుపులు, పెళ్లి సీనులో అత్తయ్యల గుసగుసలు, "సార్, కాఫీ" లాంటి బిట్లు. డబ్బు తక్కువ, చేతికి రావడం ఆలస్యం. అయినా రికార్డింగ్ గది (బూత్) బయట కూర్చుని సీనియర్లని వినడం ఉచితం. సినిమా డబ్బింగ్‌కి యూనియన్ ఉంది, సభ్యత్వ కార్డు నియమాలు అక్కడే నేరుగా కనుక్కోండి, మధ్యవర్తికి డబ్బివ్వకండి. ఊళ్లోనే ఉండేవాళ్లయితే కడప, వరంగల్, విశాఖ లాంటి చోట్ల ఆకాశవాణి క్యాజువల్ అనౌన్సర్ల ప్రకటన కోసం చూస్తూండండి. తప్పులు దిద్దించుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలిసి లేదు. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకండి.

శాంపిల్ ఒక్క నిమిషం చాలు, వెనక మ్యూజిక్ వద్దు. యాడ్, కథ, సంభాషణ మూడూ వినిపించాలి, మీకు బాగా వచ్చింది ముందు పెట్టండి. వినేవాళ్లు పది సెకన్లు దాటి వింటారని నమ్మకం పెట్టుకోకండి.

పని ఖాయమైతే ఎక్కడ, ఎంతకాలం వాడుకుంటారో మెయిల్‌లో రాయించుకోండి. లోకల్ రేడియోకని తీసుకున్న నా యాడ్ ఒకటి తర్వాత యూట్యూబ్‌లోనూ వినిపించింది. అడిగితే "అప్పుడు చెప్పలేదా మేడం" అన్నారు. ఇప్పుడు దానికి తోడు ఏఐ. కాంట్రాక్టులో "భవిష్యత్తులో వచ్చే ఏ సాంకేతికతలోనైనా" లాంటి వాక్యం ఉంటే, మీ గొంతుతో కృత్రిమ గొంతు తయారుచేసుకోవడం కూడా అందులోకి వస్తుందా అని సంతకానికి ముందే అడగండి. వస్తుందంటే దానికి వేరే రేటు, లేదా ఆ వాక్యం కొట్టేయాలి. నేను అడిగినప్పుడు ఎక్కువమంది మారు మాట్లాడకుండా కొట్టేశారు.